బ్యాక్టీరియా గారికి పోస్టింగ్

పగుళ్లు సహజమేనట. కంగారు పడాల్సిన పని లేదట. కొత్తగా కట్టినదేదైనా నెర్రెలిచ్చిన ప్రతిసారీ వచ్చే ప్రకటన ఈ వారం కూడా వచ్చింది. మీరూ చదివే ఉంటారు. ఊళ్లు మారతాయి, బీటల సైజు మారుతుంది, ఆ వాక్యం మాత్రం చెక్కుచెదరదు. మన జిల్లాలో ఇంత గట్టి నిర్మాణం ఇంకోటి లేదు.

కాంక్రీటుకు సన్నటి పగుళ్లు వస్తాయని శాస్త్రమూ ఒప్పుకుంటుంది. కాకపోతే శాస్త్రం అంతటితో లేచి కారెక్కి వెళ్లిపోలేదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో హెంక్ యోంకర్స్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త బాసిల్లస్ జాతి బ్యాక్టీరియాను, దానికి మేతగా కాల్షియం లాక్టేటును కాంక్రీటులో కలిపి చూశాడు. గోడ బాగున్నన్నాళ్లూ అది నిద్రలో ఉంటుంది. పగులు వచ్చి నీళ్లు లోపలికి దిగితే లేస్తుంది. మేత తింటుంది, సున్నపురాయిని తయారుచేస్తుంది, పగులు పూడుకుపోతుంది.

ఈ అర్హతలు చదవగానే ఇది ప్రభుత్వోద్యోగానికే పుట్టిందని నాకు తోచింది. ఏళ్ల తరబడి నిద్రపోగలదు. నీళ్లు మీదికొస్తే తప్ప లేవదు. లేవగానే తింటుంది. తిన్నాక పనిచేయడమొక్కటే దానిలో లోపం. సర్వీసులో చేరితే అదీ పోతుంది. కనుక పలాస డివిజన్‌లో దానికి ఏఈ పోస్టు ఇవ్వాలని మనవి.

ఇంటర్వ్యూ ఎలా సాగుతుందో కూడా ఊహించగలను.

"లోకల్ అభ్యర్థివేనా?"

"మాది హైదరాబాద్ జేఎన్‌టీయూ అండి. బాసిల్లస్ సబ్టిలిస్ జేసీ3 అంటారు. అక్కడ శేషగిరిరావు గారు, శశికళ గారు మా మీద చాలా పరిశోధన చేశారు."

"అయితే 2014 తర్వాత నాన్‌లోకల్‌వే. అనుభవం?"

"2015లో మా బంధువులు బ్రిటన్‌లో చేశారండి. వేల్స్‌లో ఏ465 రోడ్డు పనుల దగ్గర కార్డిఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు నిజం గోడంత సైజులో ట్రయల్ గోడలు కట్టి, పగలగొట్టి మరీ చూశారు."

"ట్రయల్ గోడలా? మాకు ఆ అలవాటు లేదు. మేం తిన్నగా కట్టేస్తాం, ట్రయల్ జనం చేస్తారు. సరే, ఎంత పగులు పూడుస్తావు?"

"0.8 మిల్లీమీటర్ల దాకా అండి."

"అంత చిన్న సైజు మా దగ్గర రాదే! మేత సంగతి?"

"కాంక్రీటు కలిపేటప్పుడే వేయాలండి."

"ఎస్టిమేటులో రాస్తాం. సైటుకు చేరుతుందని మాత్రం మాటివ్వలేం. సిమెంటుకే ఇవ్వలేదు."

మొదటి పోస్టింగ్ మహేంద్రతనయ ఆఫ్‌షోర్ రిజర్వాయరుకు. 2008లో శంకుస్థాపన జరిగింది, ఇంకా పూర్తికాలేదు. ఈ బ్యాక్టీరియా బీజరూపంలో 200 ఏళ్లయినా బతకగలదని శాస్త్రవేత్తల అంచనా. ఆ ప్రాజెక్టు ప్రారంభోత్సవం కళ్లారా చూడగల అభ్యర్థి ఇన్నాళ్లకు దొరికాడు. కానీ అది వెళ్లిన మర్నాడే ఉత్తరం రాసింది: పగులు పూడ్చాలంటే ముందు కట్టడమంటూ ఒకటి ఉండాలి కదండీ!

రెండో పోస్టింగ్ వజ్రపుకొత్తూరు తీరానికి. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగితే ఇనుప చువ్వ తుప్పుపడుతుంది. తుప్పు ఉబ్బి, పైన పూసిన కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది. అంచేత చువ్వకూ గాలికీ మధ్య కాంక్రీటు మందం తగ్గకూడదు. మన అమాయకపు ఏఈ పగుళ్లు పూడ్చడం మానేసి, ఆ మందం నిలిపే కవర్ బ్లాకులు ఎందుకు పెట్టలేదని, ఇసుకలో ఉప్పు చూశారా అని, గోనెలు కప్పి నీళ్లెన్నాళ్లు కొట్టారని అడిగింది. మెమో ఇచ్చారు. పూడ్చమంటే తవ్వుతున్నందుకు.

మూడో పోస్టింగ్ ఇచ్ఛాపురం. అక్కడ బాహుదా నది మీద 1929లో కట్టిన వంతెన ఏ బ్యాక్టీరియా సాయమూ లేకుండా తొంభై ఏళ్లు దాటి నిలబడింది. 2023 మేలో గ్రానైట్ బండతో ఒక భారీ లారీ ఎక్కేసరికి కూలింది. విచారణ చేసి మన ఏఈ రాసిన నివేదిక ఒకటే వాక్యం: ఇక్కడ కావలసింది పగులు పూడ్చేవాడు కాదు, లారీని ఆపేవాడు. ఆ నివేదిక బయటికి రాలేదు.

చివరికి ఆకలితో నీరసించి అది తిరిగొచ్చింది. లాక్టేటుకు బిల్లయింది, మెజర్‌మెంటు పుస్తకంలో ఎక్కింది, గోడలో మాత్రం లేదు. అది విన్న ఉద్దానం పెద్దాయన ఏమంటాడో నాకు తెలుసు: "ఏటి బాబూ, ఆ పురుగు తిండి కూడా మీరే తినీసినారేటి?"

ఆయన నవ్వుతూనే అంటాడు. నాకు మాత్రం ఇక నవ్వు రావడం లేదు. తనంతట తానే మానుతుందిలే అనే నమ్మకంతో ఈ ప్రాంతాన్ని ఎన్ని దశాబ్దాలు నడిపించారు? ఉద్దానంలో కిడ్నీలు పాడవుతున్న సంగతి పాతికేళ్ల నాడే బయటపడింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి తాగునీళ్లు 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. ఈ మధ్యలో పోయినవాళ్లు ఎంతమంది? పాడైన కిడ్నీలో నిద్రపోతున్న బ్యాక్టీరియా ఏదీ లేచి దాన్ని బాగుచేయదు. అది మానదు. మనిషి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ మంచమెక్కాలి, లేకపోతే పోవాలి.

ఆ నీళ్లు నిలిచే ట్యాంకు కాంక్రీటే. ఆ మంచం ఉన్న గది కాంక్రీటే. రేపు తిత్లీలాంటి తుపాను వస్తే తీరం జనం పరుగెత్తే షెల్టరూ కాంక్రీటే. 2018 అక్టోబరు 11న ఆ తిత్లీ దెబ్బకు ఈ ఊళ్లలో కొబ్బరి, జీడి తోటలు పడుకున్నాయి, కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి. గోడ గట్టిదా కాదా అన్న ప్రశ్న ఇక్కడ కాంట్రాక్టరుకు బిల్లు సంగతి, మాకు ప్రాణం సంగతి.

పగుళ్లు మానిపే కాంక్రీటు వస్తే రానివ్వండి, సంతోషమే. అంతదాకా ఇప్పుడున్న కాంక్రీటును దొంగిలించకుండా పోయండి. బలం చూసే క్యూబ్ టెస్టులో ఎంత వచ్చిందో, ఎన్ని రోజులు నీళ్లు కొట్టారో, లోపం బయటపడితే ఏ తేదీ దాకా కాంట్రాక్టరుదే బాధ్యతో ప్రతి కట్టడం మీదా రాయండి. శిలాఫలకంలో అరడజను మంది నాయకుల పేర్లకు చోటుంది. పోసినవాడి పేరుకూ, చూడకుండా సంతకం పెట్టినవాడి పేరుకూ జానెడు జాగా లేదా? ఇది దయ చూపమని అడగడం కాదు. డబ్బు మాది, లెక్క మాకు చెప్పాలి.