కండ సరే... కూతేదీ?

గుడివాడ జిమ్ములో ఇరవయ్యేళ్లు ఇనుము మోసిన పెద్దమనిషికి నలభై ఎనిమిదో ఏట కబడ్డీ మీద మళ్లీ మనసైంది. సంక్రాంతికి అవనిగడ్డ బరిలో తొడగొట్టాడు. ఆ చప్పుడుకి దివిసీమ కొంగలన్నీ లేచాయి.

రైడుకు 30 సెకన్లు. అయ్యగారి కూత పదో సెకనుకే బందరు లడ్డూ గొంతుకడ్డం పడ్డట్టు ఆగింది. వంద కిలోలెత్తే చేతికి గీత అందలేదు. ఇనుము ఎదురుతిరగదు, కుర్రాడు చీలమండ పడతాడు మరి!

మన కృష్ణా జిల్లా వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావు ‘నర్తనశాల’ (1963)లో భీముడయ్యారు. ఈయన భీముడిలా దిగి, కీచకుడిలా బయటికొచ్చాడు. నలుగురు మోసుకొచ్చారు. ఆ పూట వెయిట్‌లిఫ్టింగు పతకం వాళ్లదే!