కుర్చీ దిగని కెప్టెన్

రేగొండలో ఒక పైలట్ ఉన్నాడంటే మీరు నమ్మరు. మా బావ కాకపోయి ఉంటే నేనూ నమ్మేవాణ్ని కాదు. పరకాల–భూపాలపల్లి రోడ్డు మీద ఆయనకు ఎరువులు, పురుగుమందుల దుకాణం. పగలంతా పత్తికి ఏ మందు కొట్టాలో, మిర్చికి ఏది కొట్టకూడదో చెబుతాడు. రాత్రి షట్టర్ దించి, బువ్వ తినీ తినక వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, నూట ఎనభై మందిని ఎక్కించుకుని శంషాబాద్ నుంచి దుబాయ్ బయలుదేరతాడు. ఆ మంది లేరు. ఆ విమానం లేదు. ఆయన పనిచేసే ఎయిర్‌లైన్ కూడా లేదు. డ్యూటీ మాత్రం ఉంది. దానికి ఒక్క నిమిషం లేటయినా ఒప్పుకోడు.

మొదట్లో ఇది ఒట్టి ఆటే. కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్‌ను మైక్రోసాఫ్ట్ 1982 నుంచే అమ్ముతోంది. 2020లో వచ్చిన దాంట్లో ఉపగ్రహ చిత్రాలతో భూగోళం మొత్తం పెట్టేశారు. డౌన్‌లోడే వంద జీబీ దాటింది. అది అయ్యేదాకా పిల్లల ఫోన్లకు నెట్టు బంద్. అయ్యాక బావ పారిస్ పోలేదు, న్యూయార్క్ పోలేదు. ఒక చిన్న విమానం తీసుకుని పాండవుల గుట్ట మీద ఒక చుట్టు చుట్టి, కొడవటంచ దిక్కు తిప్పి, మా పెదనాయన చెలక మీద కిందికి దించాడు. "గదిగో బామ్మర్ది, మీ పెదనాయిన గట్టు జరిపిండు. పైకెల్లి సాఫ్ కనవడ్తలేదా?" అన్నాడు. ఆ మాట ఊళ్లోకి పోయింది. సర్వేయర్ వచ్చాడు. రెండిళ్ల మధ్య మాటలు ఇప్పటికీ లేవు.

అక్కడితో ఆగినా బాగుండేది. వర్చువల్ ఎయిర్‌లైన్‌లో చేరినప్పటి నుంచే అక్కకు అసలు గోస. దేశదేశాల్లోని ఇలాంటి పిచ్చోళ్లంతా కలిసి నడుపుకునే కంపెనీ అది. దరఖాస్తు ఉంటుంది, పరీక్ష ఉంటుంది, కాల్‌సైన్ ఉంటుంది, ఎగిరిన గంటలను బట్టి ప్రమోషన్ ఉంటుంది. జీతం ఒక్కటే ఉండదు. నెలకు ఒక్క ఫ్లైటయినా నడపకపోతే పేరు కొట్టేస్తారట. దిగిన ప్రతిసారీ రిపోర్టు పంపాలి: ఎంత ఇంధనం కాలింది, చక్రాలు నేలను తాకినప్పుడు నిమిషానికి ఎన్ని అడుగుల చొప్పున కిందికి దిగుతోంది, అన్నీ అందులో ఉండాలి. జీఎస్టీ రిటర్నును ఏనాడూ గడువులోగా వేయని మనిషి, ఈ రిపోర్టును ఇంజన్ చల్లారకముందే పంపుతాడు.

ఇక ఆ భాష. పైలట్లు అక్షరాలను ఆల్ఫా, బ్రావో, చార్లీ అని పలుకుతారు కదా, బావ యూరియా లారీ నంబరును కూడా అలాగే చెబుతాడు. మొన్న టీజీ బండి వస్తోందని హమాలీకి ఫోన్ చేసి "టాంగో గాల్ఫ్ వస్తున్నది, దించుకోండ్రి" అన్నాడు. పక్కనే నిలబడ్డ రైతు చెవులు రిక్కించి, "సారూ, టాంగో గాల్ఫంటే గులాబీ పురుగుకు కొత్త మందా? నాకు రెండు డబ్బాలు తియ్యుండ్రి" అన్నాడు.

అసలు విమానాల్లో ఒక కట్టుబాటు ఉంది. పదివేల అడుగుల కింద ఉన్నంతసేపు కాక్‌పిట్‌లో పనికిరాని ముచ్చట పెట్టకూడదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే ప్రమాదం ఎక్కువ కాబట్టి అమెరికాలో 1981లో దాన్ని నిబంధన చేశారు. రేగొండలో దాన్ని మా బావ అమలు చేస్తున్నాడు. అక్క తలుపు తీసి గ్యాస్ అయిపోయిందంటే చేతులెత్తి వేళ్లు చూపిస్తాడు. ఆరు వేళ్లంటే ఆరు వేల అడుగులు, ఇంకా నాలుగు వేలు ఎక్కాలి, అప్పటిదాకా నోరు మూసుకోమని అర్థం. "కుర్సీల కూసోని పైన ఉన్నంటడు. గీయినకు ఎట్ల చెప్పాల్రా తమ్మీ?" అని అక్క నా మీద పడుతుంది.

బావ వాళ్లమ్మకు మాత్రం కొడుకంటే గర్వం. ఓ రాత్రి పక్కింటామె "నీ కొడుకేడి?" అని అడిగితే "దుబాయ్ పోయిండు" అని చెప్పింది. మా దిక్కు దుబాయ్ పోవడమంటే వీసా, అప్పు, రెండేళ్ల ఎడబాటు. "అయ్యో, ఎప్పుడు పోయిండు? మళ్ల ఎప్పుడొస్తడు?" అని ఆమె కళ్లు ఒత్తుకుంటే, "అన్నం తిని పోయిండు బిడ్డా. రెండింటికల్లా పడుకుంటడు" అంది ముసలమ్మ.

మేడారం జాతర వచ్చినప్పుడు బావ కంపెనీకి సెలవు చీటీ రాశాడు. సమ్మక్క దర్శనానికి పోతున్నానని ఇంగ్లీషులో పెద్ద ఉత్తరం. మంజూరైంది. కొన్నాళ్లకు తెలిసిందేమంటే, సెలవిచ్చిన ఆ చీఫ్ పైలట్ యూరప్‌లో ఎక్కడో మన ఇంటర్ లాంటిది చదువుతున్న పోరడు. నేను నవ్వితే బావకు కోపం వచ్చింది. "వయసు ఎంతయితేంది? గంటలు నాకన్న ఎక్కువున్నయ్ ఆ సార్‌కు" అన్నాడు. అదే జాతరకు దుకాణంలో పనిచేసే పిలగాడు ఒక్కపూట సెలవడిగితే ఇచ్చాడా? ఇవ్వలేదు.

నా గృహప్రవేశానికి బంతి భోజనాలు లేచాక వచ్చాడు. ఏంటని అడిగితే "ముంబై మీద ట్రాఫిక్, హోల్డింగ్‌ల పెట్టిండ్రు" అన్నాడు. అబద్ధం కాదు. 2001లో మొదలైన వాట్సిమ్ అనే నెట్‌వర్క్‌లో నిజం మనుషులే కంట్రోలర్లుగా కూర్చుంటారు. అదీ పైసా తీసుకోకుండా! వాళ్లు తిరగమంటే తిరగాలి. అరగంటకు మించి కుర్చీ వదిలిపోకూడదు. హైజాక్ నాటకం ఆడితే బయటికి పంపుతారు. సొంత బామ్మర్ది ఇంటి ముహూర్తం తప్పించుకునే ఏర్పాటు మాత్రం అందులో బ్రహ్మాండంగా ఉంది.

ఇన్ని గంటలు నడిపిన మనిషి నిజం విమానం ఎక్కింది తిరుపతికి, ఒకే ఒక్కసారి. శంషాబాద్‌లో ఎక్కినప్పటి నుంచి పెదవులు కదుపుతూనే ఉన్నాడు. గోవింద నామాలనుకుంది అక్క. చెక్‌లిస్టట. రేణిగుంటలో చక్రాలు తాకగానే "నాలుగు వందలుంటది" అని పైకే అన్నాడు. దిగేటప్పుడు ఎయిర్ హోస్టెస్ నమస్కారం పెడితే, "కెప్టెన్ సార్‌కు చెప్పమ్మా, ముక్కు లేపుడు జర్ర ఆలస్యమైంది, మిగతదంత మంచిగ చేసిండు" అన్నాడు. ఆ పిల్ల తల ఊపింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

అయినా ఒక మాట చెప్పాలి. విమానాల పుణ్యమా అని బావకు గాలి చూడడం వచ్చింది. ఏ దిక్కు నుంచి, వేగం ఎన్ని నాట్లు, మబ్బు ఎంత ఎత్తున ఉంది, అన్నీ చూస్తాడు. మందు డబ్బా కోసం వచ్చిన రైతుకు "రేపు గాలున్నది, కొడితే పక్క చేనుకు పోతది. ఎల్లుండి రా" అని వెనక్కి పంపిస్తాడు. అమ్ముడుపోయే సరుకును ఆపుకునే దుకాణదారు మా మండలంలో ఇంకొకడున్నాడేమో నాకు తెలియదు. రైతులు ఆయన్ని కెప్టెన్ అంటే నేనిప్పుడు నవ్వను.

వరంగల్ మామునూరులో నిజాం కాలం నాటి ఎయిర్‌పోర్టును మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతించింది. అది తెరిచిన రోజు తొలి విమానంలో మా బావ ఉంటాడు, నాదీ హామీ. మీరూ అందులో ఎక్కితే, పక్క సీటాయన కళ్లు మూసుకుని పెదవులు కదుపుతుంటే పలకరించకండి. పదివేల అడుగులు దాటనివ్వండి. ఆ తర్వాత ఆయన్ని ఆపడం మీ వల్ల కాదు.