నలభై రెండో రోజు దాకా

నేను పసిపిల్లల బరువు తూచే కాంటాను. పైన పట్టుకునే కడ్డీ, నడుమ అంకెల గీతలు, కింద కొక్కెం, కొక్కానికి తగిలించే గుడ్డ జోలె. అంతే నా ఒళ్లు. ఐదు కిలోలకు మించి మోయలేను. మోయాల్సిన అవసరమూ పెద్దగా రాదు. నా జోలెలోకి వచ్చేవాళ్లంతా పుట్టి నెలన్నర దాటనివాళ్లే. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలో ఒక ఆశక్క సంచిలో నా కాపురం. థర్మామీటరు, టార్చిలైటు, సబ్బు, చిన్న దుప్పటి, సెకన్లు చూపే గడియారం నాతోపాటు అందులోనే ఉంటాయి.

మా వంశానికి పుట్టిల్లు ఇక్కడికి దూరమేమీ కాదు. ప్రాణహిత దాటితే వచ్చే గడ్చిరోలి జిల్లా. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంటి దగ్గరే కనిపెట్టి చూసుకునే పద్ధతిని నిలబెట్టారు. నాలుగు అక్షరాలు చదువుకున్న ఊరి మనిషి బిడ్డ ఊపిరి లెక్కపెట్టగలదని, బరువు తూచగలదని, జబ్బు ముదరకముందే పసిగట్టగలదని చూపించారు. 1993లో మొదలైన ఆ పని ఫలితాలు 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయ్యాయి. ఆ పద్ధతి లేని పక్క ఊళ్లతో పోలిస్తే నెలలోపు పిల్లల చావులు 62 శాతం తగ్గాయి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశాలు అనే ఊరి ఆరోగ్య కార్యకర్తలు వచ్చారు. 2011లో కేంద్రం ఈ పనిని వాళ్ల చేతుల్లో పెట్టింది. నావంటి కాంటాలు ఊరూరికీ చేరింది అప్పటి నుంచే.

ఆస్పత్రిలో కాన్పు అయితే మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు ఆశక్క ఆ ఇంటికి పోవాలి. ఇంట్లోనే కాన్పు అయితే మొదటి రోజు కూడా పోవాలి. ఇన్నిసార్లు ఎందుకంటే ఒక్కసారి తూచిన బరువుతో ఏమీ తెలియదు. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంచెం తగ్గడం మామూలే. వారం, పది రోజులకు ఆ బరువు తిరిగి రావాలి. రాకపోతే పాలు అందడం లేదో, లోపల జబ్బు మొదలైందో చూసుకోవాలి. ఆ సంగతి తల్లి కంటే ముందు నాకు తెలుస్తుంది. నా ముల్లును చదివే ఆశక్కకు తెలుస్తుంది.

ఆమె నన్ను తీసే పద్ధతి ఎప్పుడూ మారదు. ముందు చేతులు సబ్బుతో కడుక్కుంటుంది. ఖాళీ జోలె తగిలించి, మర తిప్పి నా ముల్లును సున్నా మీదికి తెస్తుంది. గుడ్డ బరువు బిడ్డ బరువులో కలవకూడదు కదా. అప్పుడు బిడ్డను పడుకోబెట్టి నన్ను తన కంటికి సూటిగా ఎత్తి పట్టుకుంటుంది. రెండున్నర కిలోలకు తగ్గితే ఆమె చెయ్యి ఒక్క క్షణం గట్టిపడడం నాకు తెలుస్తుంది. బాలెంతకు మాత్రం ఆ సంగతి కనబడనీయదు. "బిడ్డ మంచిగున్నడు. జర సన్నగున్నడు, గంతే. నీళ్లు పోయకుండ్రి. నీ ఎదకు అద్దుకొని పండవెట్టుకో, వెచ్చగుంటడు" అంటుంది.

కొన్ని ఇళ్లలో ముసలవ్వలు నన్ను చూడగానే అడ్డం పడతారు. "పుట్టిన పోరన్ని కాంటా పెడ్తరా? దిష్టి తాకదా?" అంటారు. ఆశక్క వాదానికి దిగదు. ఆ అవ్వ పక్కనే చతికిలబడి, ఆమె ఎంతమందిని కన్నదో, ఎంతమంది దక్కారో అడుగుతుంది. అవ్వ ఒక్కొక్కరినీ తలుచుకుంటూ చెబుతుంది. ఎండకాలంలో పోయిన బిడ్డ, పాలు పట్టక పోయిన బిడ్డ, ఎందుకు పోయిందో తెలియని బిడ్డ. మాటలు అయ్యేసరికి అవ్వే లేచి మనవణ్ణి తెచ్చి ఆశక్క చేతుల్లో పెడుతుంది. పొద్దంతా పట్టే ఈ పనికి ఏ ఫారంలోనూ గడి లేదు. నా దృష్టిలో ఆమె చేసే పనులన్నింటిలోకీ పెద్దది ఇదే. ఆ అవ్వ మనసు ఒప్పకపోతే థర్మామీటరూ లేదు, నేనూ లేను.

ఆమె కింద ఉన్నది ఒక్క ఊరే కాదు, వాగు అవతల గోండు గూడేలు కూడా ఉన్నాయి. తెలుగుతోపాటు గోండీ, మరాఠీ మాట్లాడితేనే ఇక్కడ ఎవరికైనా ఏదైనా చెప్పగలరు. ఆ భాషలు వచ్చినందుకు ఎవరూ పైసా ఇవ్వరు. వానకాలంలో వాగు దాటడానికి సంచిని నెత్తిన పెట్టి చెప్పులు చేత పట్టుకుంటుంది. అవతలి గట్టున ఆటో దొరికితే కిరాయి ఆమెదే. అదే కాలంలో జ్వరాలు కూడా ముసురుకుంటాయి. మలేరియాకు రక్తం చుక్కలు తీయాలి, టీబీ అనుమానమున్నవాళ్ల తెమడ తీసుకొని దవాఖానకు చేర్చాలి, గర్భిణుల పేర్లు రాయాలి, బీపీ, షుగర్ ఉన్నవాళ్ల లెక్క తీయాలి, టీకాల రోజు తల్లులను పిలుచుకురావాలి. రాత్రి ఇంటికొచ్చాక ఇవన్నీ ఫోన్‌లోకి ఎక్కించాలి. సిగ్నల్ కోసం వాకిట్లో నిలబడి ఎక్కిస్తుంది.

కాన్పుకు తోడుపోయిన రాత్రి ఆమె అవస్థ ఇంకో తీరు. పురిటి నొప్పుల మనిషికి మంచం దొరుకుతుంది, వెంట వచ్చిన ఆశాకు కుర్చీ కూడా దొరకదు. ఒక పెద్ద దవాఖాన వరండాలో, మెట్ల పక్కన, నేనున్న సంచిని తలకింద పెట్టుకొని ఆమె పడుకుంది. వార్డు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఉలిక్కిపడి లేచేది. తెల్లారి అదే చీరతో ఊరికి వచ్చి సర్వేకు పోయింది.

ఆమె చెల్లెలు కరీంనగర్‌లో ఆశా. అక్కడ వాగులు లేవు, కొండలు లేవు కాబట్టి పని తేలికనుకునేవాళ్లు ఉంటారు. 2020 మార్చిలో ఇండోనేషియా నుంచి కరీంనగర్ వచ్చిన బృందానికి కరోనా ఉన్నట్టు తేలగానే, ఆ వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి ఎవరికి దగ్గుందో అడగాల్సి వచ్చింది. దేశమంతా తలుపులు మూసుకోవడానికి ముందే చెల్లెలు ఇతరుల తలుపులు కొట్టింది. "అక్కా, నా ఇంట్ల నన్నే దూరం గూసోమంటుండ్రు" అని ఫోన్‌లో చెప్పింది. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి పురస్కారం ప్రకటించింది. ఆ రోజు అక్కాచెల్లెళ్లిద్దరూ సంతోషపడ్డారు, మనస్ఫూర్తిగానే.

అయినా కాగితం మీద వాళ్లు నేటికీ ఉద్యోగులు కారు, స్వచ్ఛంద కార్యకర్తలు. వచ్చేది జీతం కాదు, పారితోషికం. 2013లోనే 45వ భారత కార్మిక సదస్సు ఇలాంటి పథకాల్లో పనిచేసేవాళ్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, పింఛను ఇవ్వాలని సిఫారసు చేసింది. 2015లో తెలంగాణ ఆశాలు వంద రోజులకు పైగా సమ్మె చేశారు. 2017లో రాష్ట్రం నెలకు 6,000 రూపాయలు ప్రకటించింది. తర్వాత అది 7,500 అయింది, 2022లో 9,750కి చేరింది. పెరిగిన ప్రతి రూపాయి వెనుకా రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్లున్నారు. ఇప్పుడు వాళ్లు అడుగుతున్నది 18,000, అదీ పనుల లెక్కతో ముడిపెట్టని జీతంగా.

పనుల లెక్క అంటే ఏమిటో నేను చెప్పగలను, ఎందుకంటే అది నాతోనే ముడిపడి ఉంది. పసిబిడ్డ ఇంటికి ఇన్నిసార్లు పోయినందుకు 2011 నిబంధనల్లో పెట్టిన పైకం మొత్తం 250 రూపాయలు. నలభై రెండు రోజులు నిండాకే అది వస్తుంది. పుట్టినప్పటి బరువు కార్డులో ఉండాలి, టీకాలు పడాలి, జననం నమోదు కావాలి, అప్పటిదాకా తల్లీబిడ్డా క్షేమంగా ఉండాలి. చదవడానికి న్యాయంగానే ఉంటుంది. మన ఇళ్లలో మాత్రం తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి పోతుంది. మూడో నెల నుంచి ఆమె వెంట తిరిగిన ఆశా ఒకరు, బిడ్డను తూచే ఆశా మరొకరు. పురుడు కాగానే అత్తగారింటికి తిరిగి వచ్చే వాళ్లూ ఉన్నారు, పత్తి ఏరే కాలంలో పసిగుడ్డుతో కూలికి తరలిపోయే వాళ్లూ ఉన్నారు. అప్పుడు ఆ నలభై రెండు రోజులు రెండు ముక్కలైపోతాయి. ఏ ముక్క ఎవరిదో తేల్చేవాళ్లు ఉండరు.

ఒక గూడెంలో కవలలు పుట్టారు. ఆడపిల్ల రెండు కిలోలు దాటింది. మగపిల్లాడి దగ్గర నా ముల్లు ఎర్ర గీతలోనే ఆగిపోయింది. దవాఖానలో ఉంచి ఇంటికి పంపాక ఆశక్క రోజు విడిచి రోజు పోయింది. రాసిపెట్టిన రోజుల మధ్య కూడా పోయింది. పాలు పిండి చెంచాతో పట్టించింది, తల్లి అలిసిపోతే తనే ఎదకు అద్దుకుని కూర్చుంది. గడియారం పెట్టి ఊపిరి లెక్కపెట్టి, నిమిషానికి 60 దాటగానే బండి పిలిచింది. బాబు దక్కలేదు. నలభై రెండో రోజున ఆమె నన్ను తీసుకొని ఆ ఇంటికే పోయింది. పాపను తూచింది, బరువు బాగా పెరిగింది. ఆ నెల క్లెయిము ఫారంలో పాప పేరు ఎక్కింది. బాబు పేరు రాయడానికి వీలు లేదు. ఆమె ఎక్కువసార్లు నడిచింది ఆ బాబు కోసమే.

తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆశా డే సమావేశం జరిగింది. కుర్చీలు చాలక సగం మంది గోడవారగా నిలబడ్డారు. ఎంతమంది రిజిస్టర్ అయ్యారు, ఎన్ని టీకాలు తప్పాయి, ఎవరి ఆన్‌లైన్ పెండింగ్‌లో ఉంది అని అక్కడి సారు వరసగా అడుగుతూ వచ్చారు. ఆశక్క వంతు వచ్చేసరికి ఆమె తన నోటుబుక్కు తెరిచి, బాబు బరువులన్నీ తేదీలతో సహా చదివింది. గదిలో మిగతా ఆశాలు మాటలు ఆపేశారు. సారు తలెత్తి, "అమ్మా, అది డెత్ రిపోర్టులో ఉంది కదా, క్లెయిములో రాదు" అన్నారు. కోపంగా అనలేదు, రూలు చెప్పారు.

"రూలు మీరు వెట్టలేదు సార్, నాకెరుకే. కని పైకి రాసి పంపుండ్రి. నేను పోయిన దినం నేను పోయినట్టు లెక్క గట్టుమనుండ్రి. బిడ్డ బతుకుడు నా కూలికి షరతు వెట్టొద్దనుండ్రి."