కావేరి ఇసుకలో జీపు దింపేవారికి కొన్ని సూచనలు

హోసూరుకు సముద్రం లేదని దిగులు పడకండి. గోవా వెళ్ళడానికి సెలవు దొరకని బెంగళూరు ఫోర్‌ బై ఫోర్‌ యజమానులకు దేవుడు వేరే ఏర్పాటు చేశాడు. అత్తిబెలె దాటి హోసూరు, డెంకణికోట, అంచెట్టి మీదుగా నాట్రపాళెం వైపు దిగండి. కావేరి ఒడ్డున కావలసినంత ఇసుక. ఉప్పునీరు కాదు కనుక ఛాసిస్‌ అంత త్వరగా తుప్పు పట్టదు కూడా.

ఈ అడవిని 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 504 చదరపు కిలోమీటర్లు. అది చాలదన్నట్టు 2022 నవంబరులో దక్షిణ అభయారణ్యం పేరుతో ఇంకో 686 చదరపు కిలోమీటర్లు చేర్చారు. ఇంత చోటులో మీ ఒక్క బండి ఎవరికి అడ్డం? ఈ లెక్క గట్టిగా పట్టుకోండి. మీ వెనక వచ్చే బండ్లవాళ్ళందరూ ఇదే లెక్క వేసుకుని వస్తున్నారు.

బయల్దేరడానికి మంచి కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్‌ దాకా. నది తగ్గి ఇసుకమేటలు బయటపడతాయి. బిళిగుండ్లు దగ్గర కేంద్ర జలసంఘం వాళ్ళు తమిళనాడుకు ఎంత నీరు చేరిందో కొలుస్తూ ఉంటారు. ఏడాదికి 177.25 టీఎంసీలు రావాలని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. నీటిచుక్క కోసం రెండు రాష్ట్రాలు కోర్టుకెక్కాయి గానీ, ఇసుక కోసం అవి కోర్టుకెక్కలేదని ధైర్యం చెప్పుకోండి.

సరిగ్గా ఈ నెలల్లోనే మొసలి కూడా ఒడ్డెక్కుతుంది. ఆవిడకూ మీకూ నచ్చే జాగా ఒకటే: నీరు అందనంత ఎత్తు, నిండా ఎండ, మెత్తటి ఇసుక. గొయ్యి తవ్వి పాతికా ముప్పై గుడ్లు పెట్టి పూడ్చేస్తుంది. పైకి ఏమీ కనిపించదు. కనిపించనిది లేనట్టే, ఆఫ్‌రోడింగ్‌లో మొదటి పాఠం ఇది. గుడ్లు పొదగడానికి రెండు నెలలు అటూఇటూ పడుతుంది. పిల్ల ఆడదవుతుందా మగదవుతుందా అనేది తేల్చేది ఇసుక వేడి. 32 డిగ్రీల చుట్టుపక్కలైతే మగపిల్లలు వస్తాయి, చల్లబడితే అన్నీ ఆడవే. టన్నున్నర బండి ఎక్కి దిగిన ఇసుకలో ఆ వేడి ఏమవుతుంది, గాలి ఎలా ఆడుతుంది అని ఆలోచిస్తూ కూర్చుంటే క్లచ్‌ మీద కాలు పడదు. పిల్లలు గుడ్డులో ఉండగానే అరుస్తాయి. ఆ అరుపు విని తల్లి ఇసుక తవ్వి, వాటిని నోట కరుచుకుని నీళ్ళకు చేరుస్తుంది. మీరు స్పీకర్‌ సౌండు కాస్త పెంచుకుంటే ఆ అరుపులు చెవిన పడవు, మనసు నొచ్చుకునే ప్రమాదం ఉండదు.

టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దించడం మరవకండి. టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, ఒక్క చుట్టులోనే ఎక్కువ గూళ్ళు పూర్తవుతాయి. మెత్తపెంకు తాబేళ్ళ సంగతి కూడా ఇందులోనే కలిసొస్తుంది. కావేరిలో ఉండే లీత్‌ మెత్తపెంకు తాబేలు అంతరించిపోయే అంచున ఉందని ప్రపంచ సంస్థలు ఎర్రజాబితాలో రాసిపెట్టాయి. అంచున ఉన్నదాన్ని నెట్టడానికి పెద్ద బలం అక్కర్లేదు, స్టాక్‌ ఇంజనే చాలు.

బండి దిగబడితే విన్చ్‌ తాడు దగ్గరలో ఉన్న ఏరుమద్దికి కట్టండి. పైన బూడిదరంగు పెద్ద ఉడుత గూడు కట్టుకుని ఉంటుంది. చెట్టు ఊగితే అదే సర్దుకుంటుంది.

అమెరికాలో కేప్‌ హాటెరస్‌ తీరంలో బండి దింపాలంటే 2012 నుంచి పర్మిట్‌ కొనాలి. తాబేళ్ళు గుడ్లుపెట్టే నెలల్లో రాత్రిపూట చక్రం తిప్పనివ్వరు. పాపం, డాలర్లు ఇచ్చి మరీ ఆంక్షలు కొనుక్కుంటున్నారు. మన దగ్గరా 1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్‌ కింద అనుమతి అడగొచ్చు. అడిగితే కాదంటారేమో. అడగకపోతే కాదన్నవాళ్ళే ఉండరు కదా!

దారిలో ఏ గొర్రెల తాతో ఎదురై, చక్కటి తెలుగులోనే, "పైన ఏనుగులుండాయి, పోవద్దన్నా" అంటాడు. ఇక్కడి పల్లెల్లో తెలుగు వినబడితే ఆశ్చర్యపోయి సెల్ఫీ తీసుకోండి, మాట మాత్రం వినకండి. డ్రోన్‌ ఉంది తాతా, అనండి. బన్నేరుఘట్ట నుంచి తళి, జవళగిరి మీదుగా ఏనుగులు ఈ అడవులకు తరతరాలుగా వస్తూ పోతూ ఉన్నాయి. 1980లలో కొన్ని దారి మళ్ళి కుప్పం దాకా పోయాయి. ఆ దెబ్బతోనే చిత్తూరు జిల్లాలో 1990లో కౌండిన్య అభయారణ్యం పుట్టింది. కాబట్టి ఏనుగును దారి తప్పించడం చిన్న విషయమేం కాదు, దానికి జిల్లా స్థాయి ఫలితాలుంటాయి. గుంపు కనబడగానే లైట్‌బార్‌ వెయ్యండి, హారన్‌ ఆపకండి. అవి బెదిరి ఏ టమాటా తోటలోనో పడతాయి. అప్పుడు మంచె మీద టార్చి పట్టుకుని నిలబడాల్సింది రైతు. మీరా వేళకు ఎలక్ట్రానిక్‌ సిటీ ఫ్లైఓవర్‌ మీద ఉంటారు.

అటవీ సిబ్బంది ఆపితే ప్రకృతి ప్రేమికులమని చెప్పండి. బానెట్‌ మీది పులి స్టిక్కర్‌ చూపించండి. వాళ్ళు చట్టం పుస్తకం తీస్తే మాత్రం ఓపికగా వినాలి. సరీసృపాల గుడ్లు పగలగొట్టినా, గూడు కదిలించినా అది వేట కిందికే వస్తుందట. మొసలి మొదటి షెడ్యూల్లో ఉంది కాబట్టి మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, పాతికవేలకు తగ్గని జరిమానా. తుపాకి ముట్టకుండానే వేటగాడనిపించుకోవడం ఎంతమందికి దొరుకుతుంది? ఇక 39వ సెక్షన్‌ ప్రకారం, నేరానికి వాడి పట్టుబడిన బండి రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి. లిఫ్ట్‌ కిట్‌, స్నార్కెల్‌, జర్మన్‌ లైట్లు, అన్నీ కలిపి. రేంజ్‌ ఆఫీసు ఆవరణలో చింతచెట్టు కింద నిలబెడతారు. నెలకో రోజు ఈఎంఐ కట్టిన మెసేజ్‌ వచ్చినప్పుడు వీలు చూసుకుని వెళ్ళి దుమ్ము తుడిచి రావచ్చు, గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టి.