పులికున్న పాటి రూలు

అమ్రాబాద్ అడవిలో పులి చనిపోతే సర్కారు ఒళ్లు దగ్గర పెట్టుకుంటుంది. వేట కాదని తేలేదాకా వేటగానే అనుమానించాలి. పశువైద్యులు పోస్టుమార్టం చేయాలి, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ తరఫు మనిషి పక్కన ఉండాలి, ఫోటోలూ వీడియోలూ తీయాలి. గోరో మీసమో ఎవరి జేబులోకీ జారకుండా కళ్లెదుటే కాల్చి బూడిద చేయాలి. అదే అడవి అంచు ఊళ్ల మనిషి పట్నం దవాఖానలోనో గల్ఫ్‌లోనో కన్నుమూస్తే, ఆ శవాన్ని ఇంటికి చేర్చే వ్యాపారానికి ఈపాటి పద్ధతి కూడా లేదు. గోళ్లకు గిరాకీ ఉంది కాబట్టి పులికి రూళ్లు పుట్టాయంటారు. మనిషి శవం చుట్టూ ఉన్నది గిరాకీ కాక మరేమిటి?

చట్టమే లేదంటే పెద్దలు నొచ్చుకుంటారు. మనిషి గౌరవం చచ్చాక కూడా ఉంటుందని పరమానంద్ కటారా కేసులో 1995లో సుప్రీంకోర్టు చెప్పలేదా అంటారు. చెప్పింది. శవాన్ని అవమానిస్తే ఏడాది దాకా జైలని భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ అనలేదా అంటారు. అన్నది. కాకపోతే ఎదుటివాళ్ల మనసు నొప్పించాలనో, నొచ్చుకుంటారని తెలిసో చేశాడని నిరూపించాలి. శవాన్ని చేరవేసే వ్యాను ఆయనకు ఎవరి మనసుతోనూ పేచీ లేదు, ఆయన పేచీ అంతా కిరాయి దగ్గరే. గల్ఫ్ నుంచి వచ్చే శవానికైతే 1954 నాటి విమాన ప్రజారోగ్య నిబంధనలున్నాయి. శవం పాడవకుండా మందులెక్కించే ఎంబామింగ్ జరగాలి, పెట్టెలోకి గాలి చొరకూడదు. ఆ శ్రద్ధంతా ప్రయాణికుల ఆరోగ్యం మీద. శంషాబాద్‌లో దిగిన పెట్టె శ్రీశైలం రోడ్డెక్కిందంటే ఇక దాని ధర డ్రైవరు దయ. ఎంబామింగ్ చేసే చేతికి ఏ చదువుండాలో చెప్పే ప్రత్యేక చట్టం ఈ దేశంలో ఇప్పటికీ లేదు.

చావు దగ్గర బేరమాడడం మన మర్యాద కాదని మరో వాదన. నిజమే, కానీ ఆ మర్యాద ఏడ్చేవాళ్ల వైపే ఉంది. ఫ్రీజర్ బాక్సు అద్దె రోజు లెక్కన నడుస్తూనే ఉంటుంది. అమెరికాలో 1984 నుంచి ఫ్యూనరల్ రూల్ ఉంది. ధరల పట్టిక అడిగినవాళ్ల చేతిలో పెట్టాలి. చట్టం అడగని చోట ‘ఎంబామింగ్ తప్పదు, చట్టం’ అని అంటగట్టకూడదు. అక్కడి వ్యాపారులు సాధువులు కారు గనుకే ఆ రూలు పుట్టింది. మన దగ్గర ‘రూల్ ఒప్పుకోదమ్మా’ అని ఎవరైనా అంటే, ఏ రూలని అడిగే ఓపిక ఆ పూట ఎవరికుంటుంది? వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు కదా అంటారా, పోవడానికి చేతిలో బిల్లుండాలి.

రూళ్లు పెడితే ఇన్‌స్పెక్టర్లొస్తారు, వాళ్ల వెంట మామూళ్లొస్తాయి అన్న భయం మాత్రం కొట్టిపారేయలేనిది. అయితే ధరల పట్టిక చదవడానికి ఇన్‌స్పెక్టర్ అక్కర్లేదు, చదువుకున్న మేనల్లుడు చాలు. సర్కారు దవాఖానల నుంచి శవాల్ని ఉచితంగా చేరవేసే బండ్లు తెలంగాణలో 2016లోనే వచ్చాయి, మంచిపని. ప్రైవేటు బండ్ల కిరాయిలకు హద్దు పెట్టమని, మృతుల గౌరవానికి ప్రత్యేక చట్టం చేయమని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2021 మేలో సూచించింది. సూచన గనుక ఫైలులో గౌరవంగానే ఉండి ఉంటుంది. మార్చురీ గేటు పక్క గోడ మీద మాత్రం ‘ఫ్రీజర్ బాక్సులు, 24 గంటలు’ అని ఫోన్ నంబరు పెద్దక్షరాల్లో ఉంటుంది. ధర రాయడానికి కూడా ఆ గోడ మీద చోటు బోలెడు.