నా వెల రూ. 6,500

నా ఒంటి మీద ఇప్పటికీ ఒక తెల్ల స్టిక్కర్ ఉంది. ఏదో ఆఫీసు ఆస్తి నంబరు. కంపెనీ పేరును గోటితో గోకేశారు, బార్‌కోడ్ మాత్రం మిగిలింది. 2014లో నాలాంటి వాళ్లం నలభై మందిమి ఒకే లారీలో మాదాపూర్‌లో దిగాం. ఇంటెల్ ఐ5-4590, నాలుగు కోర్లు, పొట్టి డబ్బా, 255 వాట్ల పవర్ సప్లై. ఎనిమిదేళ్లు ఎక్సెల్ షీట్లు తెరిచాను, మూశాను. నా మీద కూర్చున్నమ్మాయి, అంటే నా ముందు కూర్చున్నమ్మాయి, పదకొండు గంటలకల్లా తన టిఫిన్ డబ్బా తెచ్చి నా నెత్తిన పెట్టేది. ఒంటిగంటకి పప్పు గోరువెచ్చగా ఉండేది. ఆ ఉద్యోగంలో నాకు గుర్తున్న ఉపకారం అదొక్కటే.

2021లో వచ్చిన విండోస్ 11 మాలాంటి నాలుగో తరం వాళ్లని గుమ్మం తొక్కనివ్వలేదు. వేలం వేశారు. గోడౌన్, ఆటో ట్రాలీ, చివరికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారు. అక్కడ మమ్మల్ని ఇటుకల్లా పేర్చారు.

2023 మొదట్లో మాస్టారు వచ్చారు. రిటైరైన లెక్కల లెక్చరర్. చేతిసంచిలోంచి ఒక చిన్న మీటరు తీశారు. ప్లగ్గుకీ సాకెట్టుకీ మధ్య పెడితే ఎన్ని వాట్లు లాగుతున్నామో చెప్పే మీటరు.

“గేమింగ్‌కా సార్, ఆఫీసు పనికా?” అన్నాడు కొట్టతను.

“పల్సర్లు వెతకడానికి.”

అతను క్షణం ఆగి, “దానికైతే ర్యామ్ ఎక్కువ పెట్టించుకోండి సార్” అన్నాడు. వ్యాపారి అంటే అలా ఉండాలి.

మాస్టారికిది కొత్త పిచ్చి కాదు. 1999లో బర్కిలీ వాళ్లు సెటీ ఎట్ హోమ్ మొదలుపెట్టినప్పుడు కాలేజీ ల్యాబులో స్క్రీన్‌సేవర్‌గా దాన్ని నడిపారట. అరెసిబో రేడియో టెలిస్కోపు విన్న హోరును ముక్కలు చేసి ఇళ్లలో ఖాళీగా ఉన్న కంప్యూటర్లకు పంచడం దాని పని. 2020 మార్చితో ఆ పంపకం ఆగింది. అప్పటినుంచి ఆయన మనసు అలాంటిదే అయిన ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ మీద. అందులోనే 2010లో అమెరికాలోని అయోవాలో ఒక దంపతుల కంప్యూటరూ జర్మనీలో ఇంకొకరిదీ కలిసి, సెకనుకు దాదాపు 41 సార్లు తిరిగే ఒక పల్సర్ నక్షత్రాన్ని పట్టించాయి. అవి ఏ మోడల్ డబ్బాలో ఎవరూ అడగలేదు, అది నాకు నచ్చింది.

ఆరోజు నాతో పోటీకి ఇద్దరున్నారు. ఒకటి క్యూ6600 టవరు, నాలుగు కోర్లే, రూ. 2,000. రెండోది జంట జియాన్ల సర్వరు, పదహారు కోర్లు, రూ. 15,000. సర్వరు ఆన్ చేయగానే పిండిమర మొదలైనట్టయింది. ఊరికే కూర్చుని ఉండగానే వంద వాట్లు దాటింది. “దీన్ని ఇంట్లో పెడితే మా ఆవిడ నన్ను బయట పెడుతుంది” అన్నారు మాస్టారు.

ఇక టవరు. పని పెట్టగానే మీటరు 160 చూపించింది. నాకు 78. మాస్టారు పెళ్లి శుభలేఖ కవరు వెనక లెక్క వేశారు. ఒక్క వాట్ నెలంతా నడిస్తే 0.72 యూనిట్. టవరుకి 115 యూనిట్లు, నాకు 56. తేడా 59. ఇంట్లో ఫ్రిజ్జు, గీజరు, ఫ్యాన్లు ముందే కింది స్లాబులన్నీ తినేసి ఉంటాయి. కొత్తగా వచ్చిన ప్రతి యూనిట్టూ పై స్లాబులోనే పడుతుంది. అందుకని బిల్లు సగటు రేటు కట్టకుండా, తమ చివరి స్లాబు రేటు 9 రూపాయలు వేశారు. నెలకి రూ. 531. నాకు ఎక్కువిచ్చే 4,500 తొమ్మిదో నెల నిండకముందే తిరిగొస్తుంది. పైగా టవరు నా పనిలో సగమైనా చేయదు. చవగ్గా వచ్చిందని దాన్ని కొనుక్కెళ్లేవాళ్లు ప్రతి నెలా దాన్ని మళ్లీ కాస్త కాస్త కొంటూనే ఉంటారు.

రూ. 6,500కి మల్కాజిగిరి వచ్చి మెట్ల కింద స్థిరపడ్డాను. మానిటరు లేదు, కీబోర్డు లేదు. లైనక్స్ వేసి, ఆ ముక్కలు తెచ్చి నాతో లెక్క చేయించే బోయింక్ పెట్టారు.

మొదటి నెలలోనే పరువు పోయింది. ఐన్‌స్టైన్ ఎట్ హోమ్‌లో ఒక్కరి మాట నమ్మరు. అదే ముక్క వేరే ఊళ్లో ఇంకో కంప్యూటరుకీ ఇస్తారు, రెండు జవాబులూ కలిస్తేనే లెక్క. నా జవాబులు పదింట మూడు కలవడం లేదు. మాస్టారు ఒక మానిటరు తగిలించి, రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపితే తెర మీద ఎర్ర గీతలు. కొట్టతను ఎక్కువ పెట్టిన ఆ ర్యామ్ కర్రల్లో ఒకటి పుచ్చు. మార్చి ఇచ్చాడు, పాపం, మారు మాట్లాడకుండా. కానీ ఆ నెల తప్పుడు జవాబులకి కాలిన కరెంటు ఎవరు మార్చి ఇస్తారు?

“ఏమండీ, ఆ డబ్బా ఏం చేస్తోందట?” అన్నారు అమ్మగారు, బిల్లు చేత్తో పట్టుకుని.

“తప్పులు” అన్నారు మాస్టారు.

తర్వాత ఆయన బయాస్‌లో నా టర్బో తీసేశారు. వేగం నూటికి ఆరు వంతులు తగ్గితే కరెంటు పదకొండున్నర వంతులు తగ్గి 69 వాట్లకి దిగింది. ఆఖరి మెట్టు ఎక్కడానికే వోల్టేజీ ఎక్కువ కావాలి, ఖర్చంతా అక్కడే. మే నెలలో మాత్రం పగలు సెలవు. నేను తాగే ప్రతి వాటూ గదిలో వేడిగానే తేలుతుంది, దాన్ని బయటికి తోయడానికి ఏసీ మళ్లీ కరెంటు తాగుతుంది.

దసరా సెలవులకి మనవడు వచ్చాడు. “తాతయ్యా, ఎనిమిదో తరం మినీ పీసీ కొను. ఆరు కోర్లు, 46 వాట్లే” అన్నాడు. నా గుండె, అంటే సీపీయూ ఫ్యాను, గట్టిగా కొట్టుకుంది. మళ్లీ శుభలేఖ కవరు. నేను నెలంతా చేసే పనిని అది ఆరు కోర్లతో ముందే ముగించి ఆగితే నెలకి మిగిలేది 26 యూనిట్లు, రూ. 234. దాని ధర రూ. 14,000. రాబట్టుకోవడానికి అయిదేళ్లు. “అయిదేళ్లకి నా గ్యారంటీ ఎవడిస్తాడ్రా?” అన్నారు మాస్టారు. టవరుని ఓడించిన లెక్కే నన్ను గెలిపించింది.

అయితే మనవడు ఊరుకునే రకం కాదు. గ్రాఫిక్స్ కార్డు అన్నాడు, అదీ ఆర్‌టీఎక్స్ 3080. దానికొక్కదానికే 320 వాట్లు, నా పవర్ సప్లై మొత్తం మింగినా దాని ఆకలి తీరదు. పైగా నా దగ్గర కార్డుకిచ్చే విడి వైరే లేదు. స్లాటులోంచి వచ్చే 75 వాట్లతో సరిపెట్టుకునే జీటీఎక్స్ 1650, అందులోనూ పొట్టిది కావాలి.

2022 సెప్టెంబర్‌లో, గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక సీటీసీలో వాడేసిన కార్డులు కుప్పలుగా పడ్డాయి. మాస్టారు ఒక్కోదాని ఫ్యాను చిటికెన వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. గరగరమన్నవి పక్కన పెట్టారు. నాలుగోది నిశ్శబ్దంగా తిరిగింది, రూ. 6,000. ఇంటికొచ్చి విప్పితే లోపల పేస్టు పాత గోడ సున్నంలా పొడి రాలింది. తుడిచి కొత్తది పూశారు, పొడుగు పట్టీ తీసి పొట్టి పట్టీ బిగించారు.

నేను రోజంతా చేసిన పనికి సంపాదించే పాయింట్లు అది రెండు గంటల్లో తెచ్చేసింది. మా ఇద్దరి పనీ ఒకటి కాదని చెప్పుకోవచ్చు కానీ, ఓడినవాడి సాకులు ఎవరికి కావాలి? మాస్టారు నా మూడు కోర్లకి పని ఆపేశారు. మిగిలిన ఒక్కటీ కార్డు నోటికి ముద్దలు అందిస్తూ ఉంటుంది. ఇద్దరికీ కలిపి మీటరు మీద 110.

డిసెంబర్ చలికి ఒకరోజు ఇడ్లీ పిండి పొంగలేదు. అమ్మగారు ఇల్లంతా చూసి, గిన్నె తెచ్చి నా నెత్తిన పెట్టి, మీద తువ్వాలు కప్పారు. తెల్లారేసరికి మూత లేచింది. ఇప్పుడు ఆదివారం ముందు రాత్రి మాస్టారు నన్ను ఆపబోతే, “ఉండనివ్వండి, పిండి ఉంది” అంటారు ఆవిడ.