కాలయానం గారికి, చెనిక్కాయల చాట ముందు నుంచి

అయ్యా కాలయానం గారూ,

మీ మీద నాకు పాత కక్షలేమీ లేవు. 1991లో ‘ఆదిత్య 369’తో మీరు వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి. సింగీతం శ్రీనివాసరావు గారు మిమ్మల్ని ఎంత మర్యాదగా నడిపించారో! 1526లో రాయలవారి కొలువుకు తీసుకుపోయినారు, 2504 చూపించినారు, తిరిగి ఇంటికి చేర్చినారు. ఎవరికి ఎవరు ఏమవుతారో అన్న అనుమానమే రాలేదు. నేల టికెట్టులో కూర్చున్నవాళ్లకు కూడా మీరు తేటతెల్లం.

టీవీలో చేరినాక మీ నడవడి మారింది. 2020 లాక్‌డౌన్‌లో మావాడు ‘డార్క్’ అనే జర్మన్ ధారావాహిక పెట్టినాడు. విండెన్ అని ఒక ఊరు, అడవిలో గుహ, అందులో దూరి అవతలికి పోతే 33 ఏళ్లు వెనక్కి. 2019, 1986, 1953. నాలుగు కుటుంబాలు, ఒక్కొక్కరికి రెండు మూడు వయసులు, ఒక్కో వయసుకు ఒక్కో నటుడు. మావాడు కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి నాకు చెప్పాలి, నేను దాన్ని మా అమ్మ చెవిలో అరిచి చెప్పాలి. (మా అమ్మంటే ఇంట్లో అందరికీ అవ్వే. ఇక్కడా అవ్వ అనే రాస్తాను.) నోటుబుక్కులో బాణాలు గీసుకుంటూ పోయినాను. మూడో రోజుకు అవి ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి.

1953 అని తెరమీద పడగానే అవ్వ లేచి కూర్చుంది. “యాభైమూడా? ఆ యేడే కదరా మన ఊర్లో గుడారాలేసింది!” ఆ ఏడు అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. నెహ్రూ వచ్చినాడు, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి. సరిపడా భవనాలు లేక ఆఫీసులు గుడారాల్లో నడిచినాయి. అవ్వకు అప్పుడు పన్నెండేళ్లు. 1956 నవంబరు 1తో అంతా హైదరాబాదుకు మూట కట్టుకొని పోయింది. మళ్లీ 2019 డిసెంబరులో, న్యాయ రాజధాని కర్నూలుకే అన్నారు. 2021 నవంబరులో, దానికోసం చేసిన చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. మీ గుహ లెక్క మా ఊరికి ఇంత కచ్చితంగా ఎట్లా సరిపోయిందో మీరే చెప్పాలి. “మరి ఎనబయ్యారులో మనకేమొచ్చె?” అంది అవ్వ. ఏమీ రాలేదు. వీధికంతా ఒక్క టీవీ, దాని ఆంటెన్నా తిప్పే ఉద్యోగం నాది.

నేను నోటుబుక్కు మూసేసినాక అవ్వ చాట ముందరికి లాక్కుంది. ఉడకబెట్టిన చెనిక్కాయలు అందులో. మూడు గింజల కాయ ఒకటి ఏరి పక్కన పెట్టింది. “ఇది ఆ పచ్చకోటు పిల్లగాడు.” జోనాస్ అన్నమాట. కుర్రవాడు, గడ్డం మనిషి, మొహమంతా మచ్చలున్న ముసలాయన, ముగ్గురూ ఒకే తొక్కలో. రెండు వయసులవాళ్లకు రెండు గింజల కాయ. నేను వారం రోజులు బాణాలతో గింజుకున్నది ఆమెకు పది నిమిషాల పని.

(ఆ ధారావాహిక చూడాలనుకునేవాళ్లు ఇక్కణ్ణుంచి చదవొద్దు.)

మీరు మమ్మల్ని నిజంగా ఇరుకున పెట్టింది వరసల దగ్గర. 2019లో తప్పిపోయిన మికెల్ అనే పిల్లోడు 1986లో తేలి, అక్కడే పెరిగి పెద్దవాడై, జోనాస్‌కు తండ్రి అవుతాడు. జోనాస్ మనసు పడిన మార్తా ఆ మికెల్‌కు అక్క. అంటే మేనత్త! అవ్వ చెనిక్కాయ నోట్లో పెట్టుకోబోయి ఆగింది. “మేనత్త కూతురయితే నిక్షేపంగా చేస్కోవచ్చు. మేనత్తనే చేస్కుంటానంటే ఎట్లరా?” జర్మన్లకు ఇద్దరూ ఒక్కటేనేమో, మాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఇంకో ముడి దగ్గర మాత్రం మీరే ఓడిపోయినారు. ఎలిజబెత్ అనే పిల్ల షార్లెట్‌కు కూతురు. ఆ షార్లెట్ ఆ ఎలిజబెత్‌కే కూతురు! మావాడు తల పట్టుకున్నాడు. అవ్వ నవ్వింది. “ఓస్, ఇంతేనా! మా అమ్మ నా కొడుక్కు పుట్టలేదా?” నా కూతురికి మా అమ్మమ్మ పేరు పెట్టినాం. తల్లి పేరు పెట్టి తిట్టడానికి నోరు రాక అవ్వ ఆ పిల్లను పుట్టినప్పటినుంచీ “అమ్మా” అనే పిలుస్తుంది. “అమ్మా, చెంబుతో నీళ్లు తే” అని ఆ పూటా పిలిచింది. తెచ్చింది.

జరగబోయేదాన్ని తప్పించాలని ఎవరు ఎంత పరుగెత్తినా, ఆ పరుగే దాన్ని జరిపిస్తుందే, ఆ సంగతీ అవ్వకు వింత కాలేదు. కాలజ్ఞానం రాసిన బ్రహ్మంగారి బనగానపల్లె మాకు ఎంత దూరమని? యాగంటి బసవన్న పెరుగుతున్నాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని వింటూ పెరిగిన మనిషి ఆమె. రంకె వేయకుండా ఆపుదామని ఇంతవరకు ఎవరూ యాగంటికి పోలేదు. 2022లో వచ్చిన ‘ఒకే ఒక జీవితం’లో అమ్మను బతికించుకోవాలని 1998కి పోయిన కొడుకు కూడా వట్టి చేతులతోనే తిరిగొచ్చినాడు. అవ్వకు చెబితే, “వాళ్లమ్మను చూసొచ్చినాడు కదా” అంది.

కానీ చివరి భాగం ఆమెను పట్టుకుంది. జోనాస్, మార్తా కలిసి ముడి మొదటికే పోయి దాన్ని విప్పేస్తారు. విప్పగానే తమ లోకాలతో సహా ఇద్దరూ వెలుగు నలుసులై కరిగిపోతారు. పోయినట్లు కాదు, పుట్టనే లేదన్నట్లు. అవ్వ మూడు గింజల కాయను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తినలేదు.

“పుట్టనే లేదంటే, మరి ఆ పిల్లగానికి దినం ఎవురు పెట్టాల? ఏ తిథికి?”

నాకు తెలియదన్నాను. మావాడు ఫోన్లో వెతికినాడు, దొరకలేదు. అయ్యా, ఈ ఉత్తరం అందిన వెంటనే జవాబు రాయండి. నిన్న అమావాస్యకు కూడా అడిగింది.